గులాబీ చీటీల డబ్బా

పోయినవారం అత్తాకోడళ్లిద్దరినీ పరిహారాల కార్యాలయం మెట్ల దగ్గర వదిలాం. ఎక్కాల్సినవి రెండు అంతస్తులు. పట్టుకోవడానికి ఇనపకమ్మీ కుడివైపే ఉంది. కోడలి కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి. అత్తగారి మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా చంకలో ఉన్న గుడ్డసంచిని మాత్రం కోడలి చేతికి ఇవ్వలేదు.

"అందులో ఏముందత్తయ్యా?"

"నీకెందుకు? ఎక్కు."

కొత్తగా చదివేవారికి రెండు ముక్కలు. కోడలు పనిచేసింది ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికే పెద్ద లాండ్రీలో. ఉతికిన తడిదుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో మూల పట్టుకుని, నిప్పులా కాలే రోలరుకు అందించాలి. రోలరు దాన్ని లాక్కుని, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అవతలికి వదులుతుంది. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం అది దుప్పటితోపాటు ఆమె చేతినీ లాక్కుంది. తప్పు నీదే, పరిహారం రాదు అంది కంపెనీ.

కోడలి మొగుడు, అంటే అత్తగారి కొడుకు, మూడేళ్ల కిందట చెప్పుల్లో కాళ్లు పెడుతూ "ఇప్పుడే వస్తా" అన్నాడు. ఆ ఇప్పుడు ఇంకా రాలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా అత్తగారు గుమ్మంలో నిలబడి వీధి మలుపు దాకా చూస్తుంది. పరిహారం రాకపోతే ఆ గడప కూడా ఉండదు. కోడలు అన్నగారింటికి పోవాలి, అత్తగారు కూతురింటికి పోవాలి. ఈ మాట ఇద్దరూ ఒక్కసారీ పైకి అనుకోలేదు. కానీ పదిరోజులుగా ఎవరి బట్టలు వాళ్లు విడివిడిగా మడతపెట్టుకుంటున్నారు.

సరే, మెట్లు ఎక్కారు.

గదిలో కంపెనీ తరఫు మనుషులు ఇద్దరు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒకరు లాండ్రీ రక్షణాధికారి. లాండ్రీలో పైనుంచి మనిషి నెత్తిన ఊడిపడేది ఏదీ లేదు. ఉన్నదల్లా ఆవిరి, అది పైకే పోతుంది. అయినా అతను పసుపుపచ్చ ప్లాస్టిక్ టోపీ లేకుండా రోలర్ల మధ్య అడుగుపెట్టడు. అందుకని ఆడవాళ్లు అతన్ని టోపీ అనే పిలుచుకుంటారు. ఇవాళ దాన్ని కేసులు వినే పరిహారాల అధికారి బల్లమీద బోర్లించి పెట్టాడు, తల లేకపోయినా టోపీ సాక్ష్యం చెబుతుందన్న నమ్మకంతో కాబోలు.

రెండో మనిషి ఆడపడుచు. అత్తగారి కూతురు, పారిపోయినవాడి అక్క. ఇస్త్రీ అయిన దుప్పట్లను దీపం కింద పరిచి మరకలు వెతికే చెకింగు ఉద్యోగం ఆమెది. లాండ్రీలో ఆమె పేరు భూతద్దం. తమ్ముడి పెళ్లాన్ని ఆ పనిలో పెట్టించింది ఆమే. తల్లి లోపలికి రావడం చూసి కుర్చీలోంచి సగం లేచింది. పక్కనున్న టోపీ మొహం చూసి, మిగతా సగం లేవకుండానే కూర్చుంది.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?"

"మెట్లు బాగున్నాయంటే ఎక్కిపోదామని," అంది అత్తగారు.

అధికారి ముందు నీళ్లగ్లాసు ఉంది, దానిమీద మూత, ఆ మూతమీద ఫైలు. ఆ ఫైలు తీస్తే గాని ఆయనకు దాహం తీరదు. పొద్దుటినుంచీ ఇలాంటివి ఆరు విన్నాడు. ఇది ఏడోది, బయట బెంచీమీద ఎనిమిదోది కునుకు తీస్తోంది.

"చెప్పండి," అన్నాడు టోపీతో.

"సార్, మా సంస్థలో కార్మికుల భద్రతే మొదటిది..."

"రెండోదానితో మొదలుపెట్టండి."

టోపీ గొంతు సవరించుకుని ఒక రిజిస్టరు తెరిచాడు. "పద్నాలుగు నెలలు సార్. నెలకో జత చొప్పున పద్నాలుగు జతల గ్లౌజులు ఇచ్చాం. పద్నాలుగు సంతకాలు. అన్నీ ఈమెవే. ప్రమాదం రోజు ఈమె చేతులకి గ్లౌజులు లేవు. ఉంటే గ్లౌజు పోయేది, చెయ్యి మిగిలేది. ఇచ్చిన రక్షణని కావాలని వదిలేసిన మనిషికి పరిహారం రాదని రూలుంది. మేమేం చేస్తాం? చేతులిచ్చిన దేవుడు కాస్త బుద్ధి కూడా ఇచ్చుంటే బాగుండేది."

"దేవుణ్ణి ఈ కేసులో చేర్చలేదు. ఇంకేమైనా ఉందా?"

"ఇంతకంటే ఏం కావాలి సార్?" అని టోపీ రిజిస్టరును కోడలి వైపు తిప్పాడు. కోడలు తన సంతకాల వరస చూసింది. మెలికలు తిరిగిన చక్కని అక్షరాలు. ఇప్పుడు సంతకం పెట్టమంటే ఆమె ఎడమచేత్తో కోడికాలు గీతలు గీస్తుంది. అతను ఆ సంగతి తెలియకే తిప్పాడని అనుకోవడానికి మనకు అతనిమీద అంత గౌరవం లేదు.

"ఆ గ్లౌజులు ఏం చేశారమ్మా?" అన్నాడు అధికారి.

"ఇంట్లో ఉన్నాయండి. చాలావరకు కొత్తవి కొత్తగానే. ఒక జత మా అత్తయ్య పొయ్యిమీంచి గిన్నెలు దించడానికి వాడుతుంది."

టోపీ నవ్వాడు. "విన్నారా సార్? గిన్నెలు దించడానికి."

"గిన్నెమీద మరకపడితే ఎవరూ అడగరండి," అంది కోడలు. "ఆ గ్లౌజు రబ్బరుది. కాలుతున్న తడిగుడ్డకి తగిలితే బూడిదరంగు మరక దిగుతుంది. మరకపడ్డ దుప్పటి వెనక్కి కొడతారు. వేసుకుంటే అదీ, వేసుకోకపోతే ఇదీ." అని చెయ్యి ఎత్తి చూపించింది. టోపీ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడదగ్గది ఎదురుగోడ.

"ఎవరు వెనక్కి కొడతారు?" అన్నాడు అధికారి.

కోడలు ఆడపడుచు వైపు చూడకుండా, "చెకింగులో," అంది.

"పచ్చి అబద్ధం సార్. గ్లౌజు మరకకి మేము ఏనాడూ దుప్పటి వెనక్కి కొట్టలేదు. చెకింగు మనిషినే వెంటబెట్టుకొచ్చాను. చెప్పమ్మా."

ఆడపడుచు ఒప్పజెప్పినట్టు చెప్పింది. "గ్లౌజు మరకకి నేను ఎప్పుడూ దుప్పటి వెనక్కి పంపలేదు. గ్లౌజులు వేసుకోమని రోజూ చెప్తూనే ఉంటాం." అక్కడితో అయిపోవాల్సింది. కానీ నేర్చుకొచ్చిన పాఠం చివర సొంత వాక్యం ఒకటి కలపకపోతే కొందరికి తోచదు. "ఆమెకి తొందరెక్కువండి," అంది.

"తొందర నాదా వదినా? నిమిషానికి ఇన్ని దుప్పట్లని బెల్లు కొట్టేది నేనా?"

"ఇక్కడ వదినలూ మరదళ్లూ లేరమ్మా," అన్నాడు టోపీ. "ఇది ఆఫీసు."

"లేనప్పుడు మా అత్తయ్య కూతుర్నే ఏరి మీ పక్కన ఎందుకు కూర్చోబెట్టుకున్నారు? చెకింగులో ఇంకో ముగ్గురున్నారుగా."

అధికారి ముక్కు కింద ఏదో కదిలింది, నవ్వో తుమ్మో తెలియదు. "మీ దగ్గర ఆధారం ఏదైనా ఉందా అమ్మా? కాగితం గానీ, తోటి పనివాళ్ల మాట గానీ? లేకపోతే ఇవాళ్టితో ఈ ఫైలు మూసేస్తాను."

తోటి పనివాళ్ల సంగతి కోడలికి తెలుసు. ఆసుపత్రిలో మంచం చుట్టూ చేరి ఏడ్చినవాళ్లే, ఇప్పుడు వీధిలో కనబడితే చెప్పు తెగినట్టు వంగుతున్నారు.

"లేదండి," అంది.

అప్పుడు అత్తగారు సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. తుప్పు పట్టిన మూత ఒక పట్టాన రాలేదు. గోళ్లతో లాగింది, చీరకొంగుతో పట్టి తిప్పింది. అందరూ చూస్తూ ఉండగా మూత ఊడి, నేలమీద దొర్లి, టోపీ బూటు దగ్గర ఆగింది. అతను వంగలేదు.

"మా కోడలు పని చెడగొట్టే మనిషి కాదండి," అంది అత్తగారు అధికారితో. "నేను చెప్తే నమ్మరు, సొంతమనిషిని కదా. వీళ్లే ఇచ్చారు చూడండి. మెచ్చుకోలు చీటీలు. పందొమ్మిది."

డబ్బాలో గులాబీరంగు చీటీలు, ఒక్కొక్కదానికి ఒక్కో పిన్నీసుతో సహా, దొంతిగా పేర్చి ఉన్నాయి.

"అత్తయ్యా," అంది కోడలు. అధికారి అప్పటికే చెయ్యి చాపాడు.

ఆ చీటీల కథ ఇది. లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. దుప్పటి వెనక్కి వచ్చిందంటే, కారణం రాసిన గులాబీ చీటీ ఒకటి దానితోపాటు వస్తుంది. ఆ దుప్పటి అందించిన మనిషి ఆ చీటీని రొమ్ముమీద గుచ్చుకుని, డ్యూటీ దిగేదాకా అలాగే తిరగాలి. దిగేటప్పుడు పీకి చెత్తబుట్టలో వేసి పోవచ్చు. ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో గాని, అలాంటి బుర్రకు టోపీ అవసరమే.

పనిలో చేరిన మొదటివారం కోడలు ఆ చీటీ పీకడం మరిచి ఇంటికి వచ్చేసింది. అత్తగారికి చదువు రాదు. "ఏంటమ్మాయ్ అది, పువ్వులా ఉంది?" అంది. కొడుకు వెళ్లిపోయినప్పటినుంచీ ఆ ఇంట్లో మంచిమాట అన్నది విని చాలా రోజులైంది. కోడలి నోట్లోంచి తనకు తెలియకుండానే అబద్ధం జారింది. "బాగా చేసినవాళ్లకి ఇస్తారత్తయ్యా." ఆ సాయంత్రం అత్తగారు చీటీని వీధంతా చూపించివచ్చి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి అందులో దాచింది. ఇక తప్పుతుందా? అబద్ధానికి ఆకలెక్కువ. రోజూ మేత వెయ్యాలి. గ్లౌజులు వేసుకున్న రోజుల్లో చీటీ వచ్చేది. ఉత్తచేతులతో అందించడం అలవాటయ్యాక రావడం తగ్గింది. అప్పుడు అత్తగారు దిగులుగా, "ఇవాళ సరిగ్గా చెయ్యలేదా అమ్మాయ్?" అనేది. ఒకసారి అత్తగారు జ్వరంతో మూడు రోజులు లేవలేదు. నాలుగోరోజు కోడలు కావాలనే గ్లౌజులు తొడుక్కుని పనిలోకి దిగింది, ఆమెకు ఒక చీటీ తెచ్చిపెట్టడానికి.

అధికారి మొదటి చీటీ కళ్లదగ్గర పెట్టుకున్నాడు. "దుప్పటి వాపసు," అని చదివాడు. "కారణం, గ్లౌజు మరక."

రెండోది తీశాడు. "గ్లౌజు మరక."

మూడోది, నాలుగోది. ఆయన చదువుతుంటే అత్తగారు ఒక్కోదానికీ తల ఊపుతూ కూర్చుంది, ఎవరో తన పిల్ల మార్కులు చదువుతున్నట్టు. తొమ్మిదోదాని దగ్గర ఆమె తల ఊపడం ఆగిపోయింది.

"అన్నిటిమీదా ఒకటే మాటుందేంటండి? మెచ్చుకోడానికి వాళ్లకి ఇంకో మాట దొరకలేదా?"

అధికారి పదోది చేతిలో పట్టుకుని కోడలి వైపు చూశాడు. చెప్పాల్సింది ఆమే.

"అవి మెచ్చుకుని ఇచ్చినవి కాదత్తయ్యా," అంది కోడలు. "తిట్లు."

"తిట్లా?"

"దుప్పటి పాడుచేశానని."

"రొమ్ముమీద గుచ్చేవాళ్లన్నావే?"

"గుచ్చేవాళ్లు."

"అందరూ చూసేట్టు?"

"అవునత్తయ్యా."

అత్తగారు ఆ డబ్బాలోకి చూసింది. "ఒకరోజు వంకరగా ఉందని నేనే తీసి సరిగ్గా గుచ్చాను," అంది, ఎవరితోనో కాదు. "వీధిలో వాళ్లకి చూపిద్దువు రా అని."

కోడలు తల దించుకుంది. ఇలాంటి చోట వేరే ఎవరైనా ఏడ్చి ఉండేవారు. అత్తగారు తల తిప్పి టోపీని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది. చేపల బజారులో పాచిపోయిన సరుకును చూసే చూపు అది. కొనేది లేదని తెలుస్తూనే ఉంది, అయినా వాసన ఎక్కడిదో తేల్చుకోవాలి కదా.

"గ్లౌజులిచ్చేదీ మీరే, వేసుకుంటే చీటీ గుచ్చేదీ మీరే. బాగుంది నాయనా. మీ అమ్మ ఉందా?"

"నాకు సంబంధం లేని విషయాలు..." అన్నాడు టోపీ.

"అడిగాన్లే. ఉంటే నీతో జాగ్రత్త అని చెప్దామని."

అధికారి చివరి చీటీ రెండుసార్లు చదివాడు. రెండోసారి పైకి చదివాడు. "గ్లౌజు మరక. ఇంకొకసారి పడితే పని మాన్పించబడును." తేదీ చూశాడు. ఫైలు తెరిచి ప్రమాదం తేదీ చూశాడు. మధ్యలో ఉన్నవి రెండు రోజులు. "గ్లౌజు మరకకి ఏనాడూ వెనక్కి కొట్టలేదన్నారు కదూ మీరు?"

టోపీ కుర్చీ ఆడపడుచు కుర్చీనుంచి ఒక జానెడు దూరం జరిగింది. లేచి జరపలేదు, కూర్చునే మడమలతో తోశాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను విన్నాం. ఇతను ఏటి నడుమనే అగ్గిపుల్ల గీశాడు.

"ఈ చీటీలు సంస్థవి కావు సార్. అంటే, సంస్థ ఆమోదించినవి కావు. ఎవరో చెకింగు మనిషి సొంతంగా పెట్టుకున్న పద్ధతి అయ్యుండాలి. అలాంటిది మా దృష్టికి వస్తే ఆ మనిషిమీద కఠినమైన చర్య తీసుకుంటాం."

ఆడపడుచు మొహం తిప్పి అతన్ని చూసింది. పన్నెండేళ్లుగా దీపం కింద మరకలు వెతికిన కళ్లు అవి. ఇంత పెద్ద మరక పక్కనే కూర్చుని ఉండగా ఇన్నాళ్లూ ఎలా కనబడలేదో.

"సంతకం లేదు, ముద్ర ఉంది," అన్నాడు అధికారి చీటీ వెనక్కి తిప్పి. "గుండ్రటి గీత, లోపల మూడు ఆకులు. ఇది ఎవరి ముద్ర?"

"రికార్డు చూడాలి సార్."

"చూడండి, నాకూ ఓపికుంది. కానీ ఒక మాట వినండమ్మా," అని కోడలి వైపు తిరిగాడు. "ఈ ముద్ర వేసిన మనిషి ముందుకొచ్చి, అవును నేనే వేశాను, ఫలానావారు వెయ్యమంటే వేశాను అని చెప్పాలి. అప్పుడే వీటికి విలువ. లేకపోతే ఇవి వట్టి గులాబీ కాగితాలు. ఎవరి ముద్రో మీకు తెలుసా?"

కోడలికి తెలుసు. పందొమ్మిది సార్లు ఆ చీటీని తన చేతికి ఇచ్చి, "గుచ్చుకో," అన్న మనిషి రెండు కుర్చీల అవతల ఉంది. పేరు చెబితే తనకు పరిహారం రావచ్చు, రాకపోవచ్చు. కానీ వదిన ఉద్యోగం మాత్రం ఈ పూటే పోతుంది, టోపీ చేతులు దులుపుకుంటాడు. పక్కన అత్తగారు కూర్చుని ఉంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి. మిగిలిన ఒక్క కూతురినీ ఆమె ఎదురుగానే బల్లమీద పరిచి మరక చూపించాలా?

"తెలియదండి," అంది కోడలు.

అధికారి ఫైలు మూయబోయాడు.

"ఒక్క నిమిషం. అదేదో ముద్రన్నారు, నన్ను చూడనివ్వండి," అంది అత్తగారు.

చీటీలన్నిటినీ ఆమె పువ్వులా కనబడే ముందువైపునుంచే చూసుకుంది గానీ, పిన్నీసు గీసుకుంటుందని ఏనాడూ వెనక్కి తిప్పలేదు. ఇప్పుడు అధికారి ఇచ్చిన చీటీని వెలుతురుకు పట్టి చూసింది. గుండ్రటి గీత, మూడు ఆకులు. చూస్తూ చూస్తూ తన కుడి అరచెయ్యి విప్పుకుంది.

పన్నెండేళ్ల కిందట కూతురు చెకింగు ఉద్యోగంలోకి మారిన రోజు, పనిలోంచి పరుగున వచ్చి, వంటింటి గుమ్మంలోనే, "అమ్మా, చెయ్యి చాపు," అంది. చాపితే అరచేతిలో టప్పుమని తనకు కొత్తగా ఇచ్చిన ముద్ర వేసింది. ఇంక తడిదుప్పట్లు మొయ్యక్కర్లేదమ్మా, ఇంక నా చేతులు కాలవమ్మా అని తల్లి మెడ పట్టుకుని ఊగిపోయింది. ఆ ముద్ర చెరిగిపోతుందని తల్లి మూడు రోజులు ఆ చేత్తో అంట్లు తోమలేదు.

"చూశారా ఎప్పుడైనా?" అన్నాడు అధికారి.

"అత్తయ్యా, వద్దు," అంది కోడలు మెల్లగా.

ఆడపడుచు చేతిసంచి జిప్పు మీద వేళ్లు బిగుసుకున్నాయి. పదివేళ్లూ.

"చూశానండి. నా అరచేతిలోనే," అంది అత్తగారు.

"ఎవరు వేశారు?"

అత్తగారు చీటీని బల్లమీద పెట్టింది. పిన్నీసు ఎవరికీ గుచ్చుకోకుండా దాని మొన మడిచింది. తర్వాత అధికారిని గాని, టోపీని గాని చూడకుండా, కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

కుర్చీ కిర్రుమంది. ఆడపడుచు ఈసారి సగం కాదు, పూర్తిగా లేచింది. సంచి భుజాన వేసుకుంది. కానీ ఆమె చూపు అధికారి మీద లేదు, తల్లి మీద లేదు. తలుపు మీద ఉంది.